ఏడవ పాయింటు

విశ్వవిద్యాలయముల పరిపాలనాభవనములను ఎవరు కట్టించినను, ఏ కాలమున కట్టించినను, ఒక్క విషయమున మాత్రము కట్టినవారందఱును ముందుగా కూడబలుకుకొన్నట్లు కనబడును. ఉపకులపతిగారి గది మేడమెట్లకు ఎదురుగా, పూలకుండీల వరుస నడుమ నుండును; రిజిస్ట్రారుగారి గది దానికి కూతవేటు దూరమున నుండును; ఇక ఎస్సీ, ఎస్టీ విభాగమనియు సమానావకాశ విభాగమనియు బోర్డు వ్రేలాడు గది మాత్రము పై అంతస్తున, నడవ చిట్టచివర, విరిగిన కుర్చీలు పేర్చిన మూలను దాటిన పిదప, జనరేటరు చప్పుడు చెవిని పడుచోట నుండును. నడువలేని విద్యార్థి తన నడకకు సాయము కావలెనని చెప్పుకొనుటకై ముప్పదియాఱు మెట్లు ఎక్కవలసిన ఏర్పాటును నేను స్వయముగా చూచితిని. ఆ మెట్లను లెక్కపెట్టినవాడును నేనే.

అది ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. చెప్పినయెడల ఆ గదిలో పనిచేయుచున్నవారికి ఒరుగునది లేదు. చెప్పకపోయినందున పాఠకునకు కలుగు లోటును లేదు. అది కేంద్రప్రభుత్వమువారి విశ్వవిద్యాలయమని మాత్రము ఎఱిగించిన చాలును, ఏలయన నేను చెప్పబోవు లెక్కలకు ఆ మాట అవసరము. అచట ముగ్గురే ఉద్యోగులు: వచ్చు ఏడు పదవీవిరమణ చేయనున్న సూపరింటెండెంటుగారు, కంప్యూటరు ముందు కూర్చుండు ఒక యువకుడు, కాగితములు మోయు అటెండరు. వీరిలో తరువాతి యిద్దఱును అవుట్‌సోర్సింగు ఏజెన్సీ ద్వారా వచ్చినవారు. ఇతరుల ఉద్యోగభద్రతకు సంబంధించిన దస్త్రములను కాపాడుచున్న ఆ యిద్దఱికిని తమ ఉద్యోగము వచ్చు ఏప్రిల్ దాటునో లేదో తెలియదు. సమానత్వమును గూర్చి మహోపన్యాసములు జరుగు దినములలో వేదిక మీద కుర్చీలు సర్దువారు వీరే.

ఆ గదిలోని ప్రధానవస్తువు దేవతాపటము కాదు, అంబేద్కరుగారి పటము కూడ కాదు, అది గోడ మీద నున్నను. అఱలో పైనుండి రెండవ వరుసలో, ఎఱ్ఱ కాలికో అట్టతో, మూలలు అరిగి, రెండు చేతులతో గాని ఎత్తరాని బరువు గల ఒక పుస్తకమున్నది. దానిని రోస్టరు రిజిస్టరందురు. పుటకు నిలువున గీతలు: వరుస సంఖ్య, ఆ వరుస ఎవరికి చెందవలెనో, వచ్చినవారి పేరు, వారి వర్గము, చేరిన తేది, విడిచిన తేది, చివర రిమార్కులు. ఈ దేశమున సామాజికన్యాయమను మహాశబ్దమును విప్పి విప్పి చూచినయెడల, రాజ్యాంగపు పీఠికను దాటి, శాసనసభలను దాటి, న్యాయస్థానములను దాటి, తుట్టతుదకు మనకు దొరకునది ఈ ఏడు నిలువుగీతలే.

లెక్క చిన్నది. నూటికి పదునైదు స్థానములు షెడ్యూల్డు కులములకు అన్నచో, నూటిని పదునైదుచేత భాగింపగా ఆఱు దాటి ఆఱున్నరకు మించును. కావున వారి మొదటి వంతు ఏడవ నియామకమున వచ్చును. షెడ్యూల్డు తెగలకు ఏడున్నర శాతము గనుక పదునాలుగవది. ఇతర వెనుకబడిన తరగతులకు ఇరువదియేడు శాతము గనుక నాలుగవది. 2019లో వచ్చిన ఆర్థిక ప్రాతిపదిక వారికి పదియవది. ఆపై గుణకార పద్ధతిని పోవుచు రెండువందల పాయింట్లతో చక్రము పూర్తియగును. ఈ రెండువందల పాయింట్ల పట్టిక 1997 జూలై 2న కేంద్రప్రభుత్వ సిబ్బంది వ్యవహారముల శాఖ ఇచ్చిన ఉత్తరువుతో వచ్చినది. దానికి మూలము, లెక్కింపవలసినది ఖాళీలను కాదు పోస్టులననుచు 1995లో సభర్వాల్ కేసునందు సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన తీర్పు.

"ఏడవ పాయింటంటే ఏమనుకున్నారండీ, ఏడవాల్సిన పాయింటు" అని సూపరింటెండెంటుగారు నవ్విరి. ఆ శ్లేష ఆమె సొంతమో, ఆ గదిలో పూర్వులనుండి సంక్రమించినదో అడుగలేదు.

వంతుల పట్టిక అనునది మనకు క్రొత్తది కాదు. శ్రీకాళహస్తి ప్రాంతపు తెలుగువాడైన పానగల్లు రాజా, పానగంటి రామరాయణింగారు, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా నున్న 1921లో మొదటి కమ్యూనల్ ఉత్తరువు వెలువడెను. అది చాలకాలము కాగితముననే యుండి, 1928లో ముత్తయ్య మొదలియారుగారు మంత్రిగా నుండగా ఆచరణకు వచ్చెను. పన్నెండు ఉద్యోగములు ఒక ఆవృత్తి: అయిదు బ్రాహ్మణేతర హిందువులకు, రెండు బ్రాహ్మణులకు, రెండు ముసల్మానులకు, రెండు ఆంగ్లో-ఇండియనులకును క్రైస్తవులకును కలిపి, ఒక్కటి నాడు నిమ్నజాతులని వ్యవహరింపబడినవారికి. కళాశాల ప్రవేశములకు ఇట్టి పద్ధతినే వర్తింపజేయగా 1951లో చంపకం దొరైరాజన్ కేసున సర్వోన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. ఆ సంవత్సరమే రాజ్యాంగమునకు మొదటి సవరణ వచ్చి, పదునైదవ అధికరణమునకు నాలుగవ ఉపనిబంధన చేరెను. అనగా స్వతంత్రభారత రాజ్యాంగము తొలిసారి మార్పునకు లోనగుటకు గల కారణములలో ఒకటి కళాశాలల సీట్ల పట్టికయే. గుమాస్తా గీచిన గీతలు రాజ్యాంగమును కదలించినవన్నచో, గుమాస్తాలను చిన్నచూపు చూచు మన సాహిత్యము కొంత పునరాలోచింపవలసి యుండును.

ఈ గీతలలో ఎంత బలమున్నదో, వానిని ఎచ్చట గీయవలెనను ప్రశ్నలో అంతకు మించిన బలమున్నది. 2017 ఏప్రిల్‌లో అలహాబాదు ఉన్నత న్యాయస్థానము, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు నియామకములకు సంబంధించిన వ్యాజ్యమున, అధ్యాపకపదవుల రిజర్వేషనుకు విశ్వవిద్యాలయమంతయు గాక ఒక్కొక్క శాఖయే కొలమానము కావలెనని తీర్పిచ్చెను. 2018 మార్చి 5న విశ్వవిద్యాలయ నిధుల సంఘము దానిని పాటింపుడని ఆదేశించెను. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానమును ఆ తీర్పునే నిలబెట్టెను. వినుటకు ఇది పరిపాలనాసంబంధమైన చిన్న సర్దుబాటువలె తోచును. కాని సూపరింటెండెంటుగారు నా యెదుట ఒక చిత్తుకాగితము పఱచి చూపినప్పుడు తెలిసినది. ఒక శాఖలో ఒక ప్రొఫెసరు, ఇద్దఱు అసోసియేట్ ప్రొఫెసర్లు, నలుగురు అసిస్టెంటు ప్రొఫెసర్లు ఉన్నారనుకొందము. శ్రేణికి శ్రేణి వేఱు రోస్టరు. నాలుగు పోస్టుల శ్రేణిలో నాలుగవ పాయింటు వచ్చును గనుక వెనుకబడిన తరగతులవారికి ఒకటి దక్కును. ఏడవ పాయింటు ఏ శ్రేణిలోను రాదు. పదునాలుగవది కలలోనైనను రాదు. రెండు పోస్టులున్న శ్రేణిలో ఏడవ నియామకము జరుగవలెనన్న అయిదుమాఱులు ఖాళీ ఏర్పడవలెను. ప్రొఫెసర్లు నిండు ఆయువు గలవారై, అఱువదియైదేండ్లవఱకు కొలువు చేయుదురు గనుక, తాతనాటి శాఖలో మనుమనికి వంతు వచ్చును. అదే విశ్వవిద్యాలయమును మొత్తముగా తీసికొని, రెండువందల అసిస్టెంటు ప్రొఫెసరు పదవులు కలవన్నచో, ముప్పది షెడ్యూల్డు కులములకు, పదునైదు తెగలకు, ఏబదినాలుగు వెనుకబడిన తరగతులకు దక్కును. చట్టము ఒకటే, శాతము ఒకటే. గీత గీచిన చోటు మాఱగానే ముప్పది సున్నకు చేరువైనది.

దేశమంతట ఆందోళన చెలరేగిన పిదప, 2019 మార్చి 7న ఆర్డినెన్సును, ఆ సంవత్సరమే కేంద్రీయ విద్యాసంస్థల అధ్యాపకశ్రేణి రిజర్వేషను చట్టమును వచ్చి, విశ్వవిద్యాలయమే తిరిగి కొలమానమైనది. ఆ నడుమకాలములో పాత రిజిస్టరు మూయవలెనా, క్రొత్తవి శాఖకొకటిగా తెఱవవలెనా అని మా సూపరింటెండెంటుగారు పై అధికారులకు మూడుమాఱులు నోటు పెట్టిరట. "చర్చించుడు" అని ఎఱ్ఱసిరాతో వ్రాసి మూడుమాఱులును తిరిగి వచ్చినదట. చర్చింపవలసినది ఎవరితోనో అందులో లేదు.

ఇంతజేసి, వంతు వచ్చినను మనిషి రాకపోవుట యొకటి కలదు. రిజిస్టరు చివరి గడిలో, రిమార్కుల క్రింద, చక్కని ముత్యాలవంటి అక్షరములతో పలుమాఱులు కనబడిన మాట "తగిన అభ్యర్థి లభింపలేదు". ఆంగ్లములో దీనికి ఎన్నెఫ్ఫెస్ అని ముద్దుపేరు. ఎంపికసంఘము గంటన్నరలో తేల్చిన ఆ మూడు ముక్కలను ఆమె తన చేతితో ఎక్కించవలెను. ఎక్కించి, ఆ ఖాళీని బ్యాక్‌లాగుగా తరువాతి పుటకు మోసికొనిపోవలెను. ఒక శ్రేణిలోని ఏడవ పాయింటును ఆమె మూడు ప్రకటనలపాటు మోయుచున్నది. నెట్ పరీక్ష నెగ్గి, పరిశోధన ముగించి, పత్రికలలో వ్యాసములు ప్రకటించి వచ్చిన పదునొకండుగురిలో తగినవాడు ఒక్కడును లేకపోవుట ఎట్లు సంభవించెనో రిజిస్టరులో వ్రాయుటకు గడి లేదు. ఆ గడి లేకపోవుటయే ఆ రిజిస్టరునకు గల పెద్దలోపమని నాకు తోచినది.

రాష్ట్ర విశ్వవిద్యాలయములలో పని చేయువారి అవస్థ వేఱు. వారిది నూఱు పాయింట్ల పట్టిక. ఉమ్మడి రాష్ట్రపు పట్టికలో రెండవ పాయింటు ఎస్సీ మహిళకు, ఏడవది ఎస్సీ జనరలుకు, ఎనిమిదవది ఎస్టీ మహిళకు చెందెడివి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి గ్రామమున పుట్టిన దండోరా ఉద్యమము, ఆ పదునైదు శాతమును లోలోపల మరల పంచవలెనని ముప్పదేండ్లు పోరాడినది. చిన్నయ్య కేసున 2004లో కాదన్న సర్వోన్నత న్యాయస్థానమే, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనముగా కూర్చుండి, పంచుకొనవచ్చునని చెప్పినది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణములో ఏబదితొమ్మిది కులములు మూడు వర్గములై, ఒకటి, తొమ్మిది, అయిదు శాతములుగా పంపకము జరిగినది. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి, ఆఱున్నర, ఏడున్నర. వార్తాపత్రికలలో ఆ దినము పూలదండలును బాణాసంచయును కనబడినవి. కనబడనిది, మఱునాటి ఉదయము ప్రతి కార్యాలయమునందును ఒక గుమాస్తా కొలబద్ద తీసికొని పాత గీతలను కొట్టివేసి క్రొత్తవి గీయనారంభించుట.

రిజిస్టరు పని సాయంకాలపు పని. పగలంతయు కిటికీ పని.

కిటికీ అనగా విద్యార్థులు నిలుచుండు కౌంటరు. నేనును ఒకప్పుడు అట్టి కిటికీ ముందు నిలిచినవాడనే. మెస్సు బకాయి కట్టనందున నా స్నేహితుని పేరు నోటీసుబోర్డున వ్రాసిరి; వాడు ఆ దినమునుండి భోజనశాలకు రాక, రాత్రులు నా కంచములోనిది పంచుకొని తినెడివాడు; స్కాలర్‌షిప్పు వచ్చినది వేసవిసెలవులలో, వాడు చదువు మాని ఊరికి పోయిన పిదప. నాటి కిటికీ వెనుకనున్న మనిషి ముఖము నాకిప్పుడు జ్ఞప్తికి రాదు. తలుపు రంగు జ్ఞప్తికున్నది. నేడు కిటికీ స్థానమున ఈ-పాస్ అను సైటు వచ్చినది, మీసేవ వచ్చినది, ఆధారు వచ్చినది. కాని డబ్బు పడలేదని చెప్పుటకు ఇంకను మనిషి ముఖమే కావలెను.

"మేడమ్, ఆర్‌టీఎఫ్ పడలేదు మేడమ్. ఫీజు కడితేనే హాల్‌టికెట్ అంటున్నారు."

"బిల్లు పాసైందమ్మా, ట్రెజరీలో ఆగింది. బోనఫైడ్ మీద నేను రాసిస్తాను, ఎగ్జామ్ బ్రాంచిలో చూపించు. ఏమన్నా అంటే నా నంబరుకు ఫోన్ చెయ్యమను."

ఆర్‌టీఎఫ్ అనగా ప్రభుత్వము భరించు ఫీజు మొత్తము. ఈ సంభాషణము నేనున్న రెండు గంటలలో కొద్ది తేడాలతో పదిమాఱులైనను జరిగినది. అందు గమనింపదగిన విశేషమేమనగా, అట్లు వ్రాసి యిచ్చుటకు ఆమెకు అధికారము లేదు. బిల్లు పాసు చేయుట ప్రభుత్వము చేతిలోనిది. హాల్‌టికెట్ ఇచ్చుట పరీక్షల విభాగము చేతిలోనిది. ఈ రెంటి నడుమ ఆమె చేతిలోనున్నది ఒక రబ్బరుస్టాంపు, ఇన్నేండ్ల పరిచయము, పరీక్షల విభాగమున ఒక పాత సహోద్యోగి. ఏ నిబంధనావళిలోను లేని ఈ మూడింటితోనే ఆమె పని యంతయు గడచుచున్నది.

పరీక్షల ఋతువులో కంటిచూపు లేనివారికి, చేతివ్రేళ్ళు స్వాధీనము లేనివారికి వ్రాయసగాండ్రను వెదకుట కూడ ఈ గదివారిదే. వీరిని స్క్రైబులందురు. గంటకు ఇరువది నిమిషములకు తక్కువ గాకుండ అదనపు కాలమీయవలెనని 2013 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్రపు మార్గదర్శకములు చెప్పినవి. మూడుగంటల పరీక్ష నాలుగుగంటలగును. 2016 చట్టము వైకల్యముల సంఖ్యను ఇరువదియొకటికి పెంచి, ఉన్నతవిద్యలో అయిదు శాతము స్థానములు కేటాయింపుమన్నది. వ్రాయునప్పుడు చేయి బిగిసికొనిపోవు ఒక అభ్యర్థి విషయమున 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసున తీర్పిచ్చుచు, నిర్ణీత వైకల్యశాతము లేకపోయినను స్క్రైబు నీయవలసినదేయని సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. ఇన్ని ఉన్నను, మూడు గంటలు కాగానే ఇన్విజిలేటరు వచ్చి సమాధానపత్రము లాగికొనిన సందర్భములున్నవట. అట్టి వేళల కంప్యూటరు కుఱ్ఱవాడు మార్గదర్శకముల ప్రతిని చేతబట్టుకొని పరీక్షాభవనమునకు పరుగెత్తును. అతడు చెప్పిన మాట: "సార్, నేను రూలు చెప్తే వినరు. కాగితం మీద స్టాంపు చూపిస్తే వింటారు." అందుచేత ప్రతి స్క్రైబు చేతికిని ఇప్పుడతడు స్టాంపు వేసిన ప్రతిని ముందుగానే ఇచ్చి పంపుచున్నాడు.



ఇక చెప్పుటకు కష్టమైన భాగము మిగిలినది. లైజన్ ఆఫీసరనియు, వివక్షనిరోధకాధికారియనియు ఈ విభాగమునకు పైన ఒకరుందురు. 2012 నాటి నిధుల సంఘపు నిబంధనల ప్రకారము విశ్వవిద్యాలయమున వివక్షనిరోధకాధికారి ప్రొఫెసరు హోదాకు తగ్గరాదు. తగ్గుట లేదు, కాని అది ఆయనకు అదనపు బాధ్యత. పాఠములు, పరిశోధకులు, సెమినార్లు ముగిసిన పిదప మిగిలిన సాయంకాలమును ఆయన దీనికిచ్చును. అంతకన్న ముఖ్యమైన చిక్కు వేఱొకటి యున్నది. ఫిర్యాదు ఎవరిమీద? తోటి ప్రొఫెసరుమీద, హాస్టలు వార్డెనుమీద, ఒక్కొక్కప్పుడు సంస్థమీదనే. విచారించువాడు ఎవరి ఉద్యోగి? ఆ సంస్థ ఉద్యోగియే. ఇంటిలో కోడలి మొఱ్ఱను ఆడుబిడ్డకు అప్పగించినట్టిది ఈ ఏర్పాటు. ఆడుబిడ్డలలో మంచివారు లేరని అనను, ఉన్నారు. ఆ మంచితనము మీదనే ఇన్నాళ్ళుగా ఇది నడచుచున్నది.

ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో దళిత, గిరిజన విద్యార్థుల స్థితిని విచారించిన థోరాట్ సంఘము 2007లోనే, హాస్టలు గదులలో, భోజనశాలలో, మౌఖికపరీక్షలలో వేఱుచేతలు ఎట్లు సాగునో వ్రాసి పెట్టినది. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయములో హాస్టలునుండి బహిష్కృతుడైయున్న పరిశోధకవిద్యార్థి రోహిత్ వేముల మరణించెను. ఆ మరణమునుగూర్చి దేశమున ఎవరెవరు ఏమేమి వాదించిరో పాఠకులకు తెలియును. నేను మరల తవ్వను. నాకు మఱపురానిది ఆ చివరి లేఖలోని ఒక లెక్క: తనకు ఏడు నెలల ఫెలోషిప్పు, 1,75,000 రూపాయలు, రావలసి యున్నదనియు, దానిని తన వారికి చేర్చవలసినదనియు కోరుట. ఆ లేఖను చదివిన దినమున ఈ గదిలోనివారు ఎవరును భోజనము చేయలేదని సూపరింటెండెంటుగారు చెప్పిరి. ఆ ఫెలోషిప్పు వీరి బల్లమీదిది కాదు, ఆ విశ్వవిద్యాలయము వీరిది కాదు. అయినను ఆమె బీరువా తెఱచి, తమవద్ద ఎవరెవరికి ఎన్ని నెలలు బాకీ యున్నదో ఒక జాబితా వ్రాసికొనెను. అప్పటినుండి ప్రతి నెల ఒకటవ తేదీని ఆ జాబితా వ్రాయుట ఆమె అలవాటు. ఎవరును అడుగలేదు, ఏ ఉత్తరువును లేదు.

రోహిత్ తల్లి రాధికగారును, ముంబయిలో వైద్యవిద్య చదువుచు 2019లో మరణించిన పాయల్ తడ్వీ తల్లి ఆబేదాగారును కలిసి సర్వోన్నత న్యాయస్థానమున వేసిన వ్యాజ్యము ఫలితముగా పాత నిబంధనలు మార్చు పని మొదలైనది. 2026 జనవరిలో క్రొత్త నిబంధనలు ప్రకటింపబడినవి. ఆ నెలాఖరుకే సర్వోన్నత న్యాయస్థానము వానిని నిలిపివేసి, 2012 నాటివే అమలులో నుండుమన్నది. ఆ రెండు వారములలో ఈ గదికి వచ్చిన ఫోనులు అంతకుముందు రెండేండ్లలో రాలేదట. అవి ఎవరిని కాపాడును, ఎవరిని శిక్షించును అను దేశవ్యాప్తవివాదమున తలా ఒక పక్షము వహించినవారు పెక్కురు. ఆ నిబంధనలు నిలిచినచో పని పెరుగు ఈ ముగ్గురు మనుష్యులకు నాలుగవ మనిషిని ఇత్తురా అని అడిగినవారు మాత్రము నా చెవిని పడలేదు.

సాయంకాలము నాలుగుగంటల వేళ కిటికీ మూసి, ఆమె రిజిస్టరు దింపెను. తన తరువాత వచ్చువారికొఱకు క్రొత్త పుస్తకములోనికి ఎత్తి వ్రాయుచున్నది. వరుసలన్నియు సిరాతో నిండుచున్నవి. ఆ యొక్క ఏడవ వరుస మాత్రము పెన్సిలుతో వ్రాసెను: బ్యాక్‌లాగు, మూడవ ప్రకటన, తేది. పెన్సిలు ఏలనని అడిగితిని.

"అది నా చేత్తో పర్మనెంటు చెయ్యడం ఇష్టం లేదండీ."

ఇంతలో తలుపువద్ద ఒక అమ్మాయి, చంకక్రింద ఊతకఱ్ఱతో, ఆయాసపడుచు నిలిచినది. కిటికీ మూసిన వేళకు వచ్చితినని అప్పుడే కన్నులలో నీరు. "అంత పైకి ఎక్కి వచ్చావు, ముందు కూర్చో తల్లీ" అని ఆమె కుర్చీ జరిపెను. అమ్మాయి సంచిలోనుండి తీసిన దరఖాస్తు నలిగి యుండెను. బల్లమీద ఖాళీ లేదు. సూపరింటెండెంటుగారు రోస్టరు రిజిస్టరు మూసి, ఆ ఎఱ్ఱ అట్టమీద దరఖాస్తు పఱచి, చేతితో నలుగులు సరిచేసి, సంతకమునకై కలము అందుకొనెను.